పాప ఇంటికొచ్చింది, మీ అందరికీ దండాలు

అందరికీ నమస్కారం. మా అక్క కూతురి లివర్ ఆపరేషన్‌కు డబ్బులు పంపినవాళ్లకీ, పంపలేకపోయినా పదిమందికి షేర్ చేసినవాళ్లకీ ముందు ఈ మాట: పాప మొన్న ఇంటికొచ్చింది. కళ్లలో పసుపు పోయింది, పొట్ట వాపు దిగింది. రాత్రంతా ఒళ్లు గోక్కుంటూ ఏడ్చిన పిల్ల ఇప్పుడు తెల్లారేదాకా పడుకుంటోంది, మా అక్కకే నిద్ర పట్టక మధ్యమధ్యలో లేచి పాప ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తోంది. అక్క లివర్‌లో ఎడమవైపు ముక్క తీసి పాపకు పెట్టారు. తనకు అది మళ్లీ పెరుగుతుందట. బరువులు ఎత్తొద్దని డాక్టర్లు గట్టిగా చెప్పారు, ఆవిడ వింటేగా.

ఇక ఎవరి పేరు చెప్పి థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు, సగం మంది పేర్లు రాయొద్దన్నారు, ఇంకో సగం మంది పేర్లు నాకే తెలియవు. మా పదో తరగతి బ్యాచ్ గ్రూపులో పెట్టిన పోస్టర్ డల్లాస్‌లో ఉన్న మా సీనియర్ దాకా పోయింది, ఆయన అక్కడ తెలుగువాళ్ల గ్రూపులో పెట్టి, అడిగినవాళ్లందరికీ నా నంబరిచ్చి, అర్ధరాత్రి కూడా నాతో రిపోర్టులు పంపించుకున్నాడు. ఆన్‌లైన్‌లో విరాళాలు సేకరించే సైటులో 11 రూపాయలు వేసినవాళ్లు ఉన్నారు. "ఇప్పటికి ఇంతే అన్నా, జీతం పడ్డాక మళ్లీ వేస్తా" అని రాసిన తమ్ముడు నిజంగానే మళ్లీ వేశాడు.

ఖమ్మం మిర్చి యార్డు హమాలీ అన్నల గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్పాలి. మా బావ ఆటో నడిపేది ఆ యార్డు దగ్గరే. వాళ్లకు ఫోన్లో లింకులూ గింకులూ ఎందుకు, ఒక సంచి పట్టుకుని తిరిగారు. అన్నీ పదులు, ఇరవైలు, యాభైలు, రబ్బరు బ్యాండ్లు వేసి కట్టలు. ఆ సంచి హైదరాబాద్‌లో ఆసుపత్రి క్యాష్ కౌంటర్ మీద పెడితే లెక్కబెట్టే మేడమ్‌కు మిర్చి ఘాటుకు తుమ్ములు ఆగలేదు. రెండు కట్టలు అయ్యాక మాస్కు పెట్టుకుంది, ఒక్క నోటు కూడా వెనక్కి ఇవ్వలేదు.

మీరిచ్చిన డబ్బు కాబట్టి లెక్క చెప్పాలి. మొత్తం బిల్లు 19,40,000. ముందు చెప్పిన ఎస్టిమేట్ 18 లక్షలు, ఆపరేషన్ తర్వాత ఇన్‌ఫెక్షన్ వచ్చి ఐసీయూలో ఎక్కువ రోజులు ఉండటంతో పెరిగింది. సైటు ద్వారా, వాళ్ల ఛార్జీలు పోను, 11,20,000 వచ్చింది, అది మా చేతికి రాలేదు, నేరుగా ఆసుపత్రి ఖాతాకే వెళ్లింది. ఊళ్లో, యార్డులో నగదు 2,85,000. ఆసుపత్రిలో సోషల్ వర్కర్ మేడమ్ ఒక ట్రస్టుతో మాట్లాడి ఇప్పించింది 3 లక్షలు. మిగతా 2,35,000 గేదెలు అమ్మి, కొంత అప్పు తెచ్చి మేం కట్టాం. బిల్లులన్నీ స్కాన్ చేసి ఉంచాను, ఎవరడిగినా పంపుతాను, అడిగారని ఏమీ అనుకోను.

ఆరోగ్యశ్రీ లేదా అని చాలామంది అడిగారు. ఉంది, తెలంగాణలో 2023 డిసెంబరులో దాని పరిమితిని 10 లక్షలకు పెంచారు కూడా. కాని పాప చేరిన ఆసుపత్రిలో ఈ ఆపరేషన్ ఆ కార్డు మీద చేయరు, అప్పటికి పాపను ఇంకోచోటికి కదిపే పరిస్థితి లేదు. సీఎం రిలీఫ్ ఫండ్‌కు ఎమ్మెల్యే గారి లెటర్‌తో బిల్లులు పెట్టాం, వస్తే ఆ అప్పు తీరుతుంది.

చిన్నపిల్లలున్నవాళ్లకు ఒక మాట. పాపకు వచ్చింది బిలియరీ అట్రీషియా, అంటే లివర్ నుంచి పిత్తం పోయే గొట్టాలు మూసుకుపోవడం. పుట్టిన పిల్లలకు కామెర్లు మామూలే కదా అని అందరూ పొద్దుటెండలో పడుకోబెట్టమన్నారు, ఒకాయన పసరు కూడా పోయిస్తానన్నాడు. రెండు వారాలు దాటినా కళ్లు పచ్చగా ఉన్నా, దొడ్డికి సుద్దలా తెల్లగా వెళ్తున్నా, ఎవరేమన్నా సరే పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. కసాయ్ అని ఒక ఆపరేషన్ ఉంది, అది 60 రోజుల్లోపు చేస్తే ఫలితం బాగుంటుందని, కొందరు పిల్లలకు సొంత లివర్‌తోనే ఏళ్లు గడిచిపోతాయని డాక్టర్ చెప్పారు. మా పాపకు ఆ సమయం దాటిపోయింది.

పాప లివర్‌ను ఒంట్లోని రక్షణ శక్తే పరాయిదనుకుని దెబ్బతీయకుండా రోజూ మందు వేయాలి, అది జీవితాంతం. పిల్లకు ఇన్‌ఫెక్షన్ తొందరగా అంటుకుంటుంది, అందుకే చూడ్డానికి వస్తామన్నవాళ్లను కొన్నాళ్లు ఆగమంటున్నాం, తప్పుగా అనుకోవద్దు, వీడియో కాల్ చేయండి. బిల్లు కట్టేశాక సైటులో పడిన 64,000 ఈ మందులకూ రక్త పరీక్షలకూ వాడుకుంటాం, రసీదు చూపిస్తేనే వాళ్లు వదులుతారు.

చివరిగా ఒక పని చేసిపెట్టండి. పైపులతో ఉన్న పాప ఫోటో పోస్టర్ ఇంకా వాట్సాప్‌లో తిరుగుతోంది, ఎవడో అందులో తన క్యూఆర్ కోడ్ అతికించి పంపుతున్నాడు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాం. మా సేకరణ అయిపోయింది, మేం ఇప్పుడు ఎవర్నీ డబ్బులడగడం లేదు. మీ గ్రూపులోకి ఆ పోస్టర్ వస్తే డబ్బులు వేయకండి, దాని కింద ఈ పోస్ట్ పెట్టండి.