ఆ రాత్రి నూనె సీసా మూత పెట్టించిన మేడమ్‌గారికి

పోయిన నెల అలమర తలుపు తీయగానే ముక్కిపోయిన వాసన గుప్పుమంది. లోపల నా 23 లెదర్ ప్లానర్లు, అంటే తోలు అట్టల డైరీలు. ఆరు రింగులవి, కుట్టు బైండింగువి, ఉద్యోగంలో చేరిన ఏడాది నుంచి ఒక్కొక్కటిగా కూడబెట్టుకున్నవి. పై అరలో 8 ప్లానర్ల అట్టల మీద తెల్లగా ఏదో పేరుకుపోయి ఉంది. అడుగు అరలో నాన్నగారు వాడిన గోధుమరంగు ప్లానర్. ఆయన చేతిరాత నాకు మిగిలింది అందులోనే. కాళ్లూ చేతులూ ఆడక, తెలిసినవాళ్లందరికీ ఫొటోలు పంపి ఏం చెయ్యాలని అడిగాను.

గంట తిరక్కుండా ఫోన్ చేసిన మేడమ్‌గారికి ఈ నాలుగు మాటలు. పాత పుస్తకాల మరమ్మతులో ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

మేడమ్, నేను హలో అనేలోపే మీరడిగిన మాట "నూనె గానీ రాశావా అమ్మా?" అప్పటికే సీసా మూత తీసి, గుడ్డ మడత పెట్టుకుని కూర్చున్నాను. మీ ఫోన్ పది నిమిషాలు ఆలస్యమైతే అన్నిటికీ పట్టించేసేదాన్ని. ఎక్కువైన నూనె రానురాను జిగటగా మారి దుమ్ము పట్టుకుంటుందని, తోలు నల్లబడుతుందని, లోపలి కాగితాలకు కూడా మరక దిగుతుందని అప్పుడు చెప్పారు. నాకు అంతవరకూ నూనె రాయడమంటే తోలును బాగా చూసుకోవడమే.

తర్వాత మాస్కు కట్టుకుని ఆ 8 ప్లానర్లనీ ఆరుబయటికి తీసుకెళ్లమన్నారు, హెయిర్ డ్రయ్యర్ పట్టుకుని. తక్కువ వేడి, జానెడు దూరం, కొద్ది క్షణాలు. నల్ల ప్లానర్ మూల మీద వెచ్చటి గాలి తగిలిందో లేదో, ఆ తెలుపు నా కళ్లముందే కరిగి తోలులోకి ఇంకిపోయింది. అది బూజే కాదు. తోలు పదును చేసేటప్పుడు పట్టించిన కొవ్వు పైకి తేలి గడ్డకట్టిందంతే, మెత్తటి పొడిగుడ్డతో తుడిస్తే పోతుందన్నారు. అలాంటివి 5 తేలాయి. మిగతా మూడింటి మీద తెలుపు కరగలేదు. వీడియోలో దగ్గరగా చూపించమన్నారు. సన్నటి నూగులా ఉంది. "ఇదమ్మా బూజు" అన్నారు. ఆ మూడింటినీ విడిగా పెట్టి, మెత్తటి బ్రష్‌తో పొడిపొడిగానే దులిపి, గాలాడే నీడలో ఆరబెట్టాను. ఎండలో పెడితే రంగు వెలిసి బిగుసుకుపోతాయని మీరు ముందే హెచ్చరించారు.

అసలు తప్పెక్కడుందో కూడా మీరే పట్టుకున్నారు. అలమర వెనక బయటి గోడకు ఆని ఉంది, పైగా ప్రతి ప్లానర్‌నూ భద్రమనుకుని పీవీసీ కవర్లో బిగించి పెట్టాను. ఆ ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచే పదార్థం బయటికి వచ్చి తోలుకు అంటుకుంటుందట. నిజమే, ఒక అట్ట కవర్‌ నుంచి చప్పుడు చేస్తూ ఊడింది. తేమ మీటర్ పెట్టి చూస్తే 78 శాతం. 65 దాటితే బూజుకు సందు దొరికినట్టే. 45 నుంచి 55 మధ్య ఉంటే మేలు. మరీ 40 కిందికి దిగినా తోలు ఎండి మడత దగ్గర పగులుతుందని, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు గుప్పెడు కుమ్మరించబోయిన నన్ను ఆపారు. మీటర్ చూసుకుంటూ రెండేసి పెడుతున్నాను.

ఇప్పుడు అలమర గోడకు జానెడు ఎడంగా ఉంది. ప్లానర్లన్నీ ఆమ్లం లేని కాగితంలో చుట్టి, నూలు సంచుల్లో, ఒకదాని మీద ఒకటి కాకుండా పుస్తకాల్లా నిలబెట్టాను. ముదురు రంగులవి లేత రంగులవాటికి తగలకుండా. రింగులు మూసే ఉంచాను. రబ్బరు బ్యాండ్లు, పేపర్ క్లిప్పులు అన్నీ తీసేశాను.

నాన్నగారి ప్లానర్ గురించి చెప్పాలి. ముట్టుకుంటే వేళ్లకు ఇటుకపొడిలా ఎర్రగా అంటేది. చెట్ల బెరడు వంటివాటితో పదును చేసిన పాత తోలు గాలిలోని గంధకపు వాయువులను పీల్చుకుని, లోలోపల ఆమ్లం పుట్టి అలా రాలిపోతుందట. పోయిన బలం తిరిగిరాదు, ఉన్నదాన్ని నిలబెట్టుకోవడమే అన్నారు. ఈ ఒక్కదాన్నీ నా చేతికి వదలకుండా మీ దగ్గరికి తెమ్మన్నారు. పొడిరాలే తోలును పట్టి ఉంచే క్లూసెల్ జి అనే సెల్యులోజ్ పదార్థాన్ని ఆల్కహాల్‌లో కరిగించి, ముందు లోపలి మూల మీద చుక్క వేసి చూసి, ఆగి, రంగు మారలేదని తేలాకే సన్నటి బ్రష్‌తో అట్టంతా పూశారు. ఆ పొడి కాగితాలకు అంటకుండా పేజీలు విప్పి, వరస తప్పకుండా వేరే పెట్టెలో సర్దారు. మధ్యాహ్నమంతా దానికే పోయింది. మీరు ఒక్కసారి కూడా గడియారం చూడలేదు.

డబ్బు మాట ఎత్తితే కసిరారు. బదులుగా నెలకోసారి అలమర తలుపులు తీసి గాలాడనిచ్చి, మీటర్ ఫొటో పంపమన్నారు. తన మీటర్‌ నాకిచ్చేసిన ఆఫీసు స్నేహితురాలికీ ఇక్కడే థాంక్స్.

మొదటి ఫొటో ఇవాళ పొద్దున పంపాను మేడమ్, చూడండి. 52 ఉంది.