బోర్డుకు తగిలి రింగులో పడే బంతి: టిమ్ డంకన్‌కు వందనం

జులై 2016

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల 11న అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు టిమ్ డంకన్ ఆటకు సెలవు చెప్పాడు. సాయంత్రం కోర్టులో ఆడే పిల్లలున్న ఇళ్లలో ఈ పేరు ఈపాటికి వినబడే ఉంటుంది. ఊరూరా తిరిగి వీడ్కోలు మ్యాచ్‌లు ఆడలేదు, సభ పెట్టలేదు. శాన్ ఆంటోనియో స్పర్స్ జట్టు ఒక ప్రకటన ఇచ్చింది, అంతే. 19 సీజన్లు ఆ ఒక్క జట్టుకే ఆడాడు. అన్నేళ్లలో ఒక్కసారి కూడా స్పర్స్ ప్లేఆఫ్స్‌కు, అంటే లీగ్ దశ తర్వాత టైటిల్ కోసం జరిగే పోటీలకు, దూరం కాలేదు. 1999, 2003, 2005, 2007, 2014 సంవత్సరాల్లో అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ టైటిల్ గెలిచారు. లీగ్ దశలోనే 1,392 మ్యాచ్‌లు, 26,496 పాయింట్లు, 15,091 రీబౌండ్లు (గురి తప్పి తిరిగొచ్చిన బంతిని అందుకోవడం). ఇంతటి ఆటగాడి గురించి మన పిల్లలకు ఏం చెప్పాలో, ఏం నేర్పాలో రాయడానికే ఈ నెల ఉత్తరం.

“మావాడు ఆరో తరగతిలోనైనా మొదలుపెట్టలేదు, ఇప్పుడు ఆలస్యమైపోయిందా?” అని చాలామంది అడుగుతుంటారు. డంకన్ అమెరికా వర్జిన్ దీవుల్లోని సెయింట్ క్రోయ్‌లో పెరిగిన ఈతగాడు. 400 మీటర్ల ఫ్రీస్టైల్ అతని పోటీ. అక్క ట్రిసియా 1988 ఒలింపిక్స్‌లో ఈదింది. 1989 సెప్టెంబరులో హ్యూగో తుఫాను ఆ దీవిలో ఉన్న ఒకే ఒక్క ఒలింపిక్ కొలనును పాడుచేసింది. సముద్రంలో సాధన చేయమంటే సొరచేపల భయం. మరుసటి ఏడాది, 14వ పుట్టినరోజుకు ముందు రోజు, తల్లి రొమ్ము క్యాన్సర్‌తో కన్నుమూసింది. ఆ తర్వాత ఈత వదిలేశాడు. బాస్కెట్‌బాల్‌ను పట్టుదలగా పట్టుకున్నది తొమ్మిదో తరగతిలోనే. చదువు పూర్తి చేస్తానని తల్లికిచ్చిన మాట కోసం వేక్ ఫారెస్ట్ విశ్వవిద్యాలయంలో నాలుగేళ్లూ ఉండి, మనస్తత్వశాస్త్రంలో డిగ్రీ తీసుకున్నాకే 1997లో ఎన్‌బీఏకు వెళ్లాడు. ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త ఆటగాళ్లను వరసగా ఎంచుకునే కార్యక్రమంలో, మొదట పిలిచిన పేరు అతనిదే.

ఇక అసలు విషయం, బ్యాంక్ షాట్. బంతిని నేరుగా రింగులోకి వేయకుండా రింగు వెనకున్న బోర్డుకు కొట్టి లోపల పడేలా చేయడం. గాల్లో ఎగిరి బంతిని పైనుంచి రింగులోకి కొట్టే ‘డంక్’ వీడియోలు మన పిల్లలు పదేపదే చూస్తారు. ఆ ఎత్తు అందరికీ రాదు. ఈ షాట్ మాత్రం ఏ పిల్లకైనా, ఏ పిల్లాడికైనా నేర్పగలం. డంకన్‌కు ‘బిగ్ ఫండమెంటల్’ అని పేరొచ్చింది కూడా ఇలాంటి మూలపాఠాల వల్లే.

అతని వీడియో పెట్టినప్పుడు బంతిని కాదు, కాళ్లను చూడమనండి. రింగుకు ఎడమవైపు, వీపు రింగుకు పెట్టి బంతి అందుకుంటాడు. ఒక కాలు కదలకుండా దాని మీద తిరిగి రింగుకు ఎదురవుతాడు. రెండో కాలితో చిన్న అడుగు ముందుకు వేసినట్టు చేస్తాడు. కాపలా కాసేవాడు కాస్త వెనక్కి తగ్గగానే, నుదుటికి పైన పట్టుకున్న బంతిని వదిలేస్తాడు. పెద్దగా ఎగరడు.

నేర్పే పద్ధతి ఇది. రింగుకు సుమారు 45 డిగ్రీల పక్కగా, మీటరున్నర దూరంలో నిలబెట్టండి. గురి రింగు మీద కాదు, బోర్డు మీది చిన్న చతురస్రంలో తమ వైపున్న పై మూల మీద. బంతి పైకి వెళ్లి, కిందికి దిగుతూ ఆ మూలను తాకాలి. పైకి పోతూనే తగిలితే రింగు దాటి అవతలి పక్కకు పోతుంది. పిల్లలు ఎక్కువగా చేసే తప్పు ఇదే: బల్లపరుపుగా, బలంగా విసరడం. చివర్లో వేళ్లతో బంతిని వెనక్కి తిరిగేలా వదిలితే, బోర్డుకు తగిలాక ఆ తిరుగుడు బంతిని కిందికి దించుతుంది. మోచేయి బయటికి పోయినా, ఆసరాగా ఉన్న చేతి బొటనవేలు నెట్టినా బంతి పక్కకు తప్పుతుంది. అటు పది, ఇటు పది పడ్డాకే ఒక అడుగు వెనక్కి. నాలుగు మీటర్లు దాటి ఈ షాట్ నేర్పకండి. రింగుకు సూటిగా ఎదురుగా ఉన్నా, రింగు వెనకున్న కోర్టు చివరి గీత దగ్గర ఉన్నా దీనివల్ల లాభం తక్కువ.

బంతి కొనేటప్పుడు దాని మీద అచ్చువేసిన అంకె చూడండి. 12 ఏళ్ల లోపు పిల్లలకు 5, ఆపై అమ్మాయిలకు, 14 ఏళ్ల వరకు అబ్బాయిలకు 6, ఇంకా పెద్ద అబ్బాయిలకు 7. “పెరిగాక పనికొస్తుంది” అని చిన్నవాడికి 7 కొనిస్తే, ఆ బరువుకు నడుము దగ్గర నుంచి విసరడం అలవాటవుతుంది. ఆ అలవాటు మాన్పించడానికి ఏడాది పడుతుంది. రింగు ఎత్తు 3.05 మీటర్లు, చిన్నపిల్లలకు 2.60 చాలు.

మన కోర్టులో ఒక బోర్డు మీద చతురస్రం పూర్తిగా చెరిగిపోయింది. గురి పెట్టడానికి గుర్తే లేకుండా పిల్లలు ఎలా నేర్చుకుంటారు? ఈ వారం మళ్లీ గీయిస్తున్నాం: అడ్డం 59 సెంటీమీటర్లు, నిలువు 45, గీత మందం 5, కింది గీత పై అంచు సరిగ్గా రింగు ఎత్తుకు. బోర్డు వెనక బోల్టులు కూడా బిగిస్తాం. అవి వదులైతే బోర్డు అదిరి బంతి వేగాన్ని మింగేస్తుంది, మంచి షాట్ కూడా ముందే రాలిపోతుంది.

పిల్లలతో కలిసి చూడదగిన మ్యాచ్ 2003 ఫైనల్స్ ఆరోది. న్యూజెర్సీ నెట్స్ మీద డంకన్ 21 పాయింట్లు, 20 రీబౌండ్లు, 10 అసిస్టులు (తోటివారి బుట్టకు అందించిన బంతులు), 8 బ్లాకులు (ప్రత్యర్థి షాట్‌ను అడ్డుకోవడం). దాంతోపాటు 2013 ఫైనల్స్ ఏడో మ్యాచ్ చివరి నిమిషం కూడా తప్పక చూపించండి. ప్రత్యర్థి జట్టు మయామీ కన్నా స్పర్స్ రెండు పాయింట్లు వెనకబడి ఉన్నప్పుడు, రింగు పక్కనే డంకన్ వేసిన తేలికైన షాట్ తప్పింది. తిరిగొచ్చిన బంతిని మళ్లీ తట్టాడు, అదీ పడలేదు. రెండు చేతులతో నేలను చరిచాడు. టైటిల్ పోయింది. మరుసటి ఏడాది ఫైనల్స్‌లో అదే మయామీని స్పర్స్ 4–1తో ఓడించింది. అప్పటికి డంకన్‌కు 38 ఏళ్లు.

వచ్చే సోమవారం నుంచి సాయంత్రం 4:15కు పీఈటీ సార్ ఆధ్వర్యంలో బ్యాంక్ షాట్ సాధన మొదలవుతుంది. వానాకాలం కనుక సిమెంటు నేల మీద పాచి పట్టిన చోట్లను తోమించాం, అయినా అడుగు అరిగిన బూట్లతో పంపకండి. నీళ్ల సీసా, మార్చుకోవడానికి ఒక జత సాక్సులు చాలు. బంతులు బడిలోనే ఉన్నాయి.

ఇట్లు
మీ ప్రధానోపాధ్యాయుడు