అమ్మిన కారుకు డబ్బు వాపసు అడిగితే

సంపాదకులకు,

నా పాత కారును స్వయంగా నడిపి చూసి, వెంట తెచ్చుకున్న మెకానిక్‌తో బానెట్ ఎత్తించి పరీక్షింపజేసి, ‘ఉన్నది ఉన్నట్టుగా’ అని రాసిన కాగితంపై సంతకం చేసి తీసుకెళ్లిన వ్యక్తి, తొమ్మిదో రోజున క్లచ్ బరువుగా ఉందంటూ డబ్బు వాపసు అడిగారు. క్లచ్ ప్లేటు అరిగిందన్న సంగతి అదే కాగితంలో ఉంది. తెలిసిన లోపాన్ని దాచి అమ్మితే అది మోసమే. కొన్నాక మనసు మారడం వేరు. ఫోన్‌లో వాదించకుండా (వాదించాలనిపించిన మాట నిజమే) ఆ కాగితం నకలు జతచేసి, మర్యాదగా రాతపూర్వకంగానే జవాబిచ్చాను. మరమ్మతులో కొంత భరించమని మిత్రులు సలహా ఇచ్చారు గానీ, వివాదం అంతటితో ముగిసిందని రాయించుకోకుండా ఇస్తే, ఆ సొమ్మే తప్పు ఒప్పుకున్నట్టుగా కనిపించవచ్చు.

ఇట్లు,
ఒక పాఠకుడు