వీసా నంబరు వచ్చాకే మెడికల్‌కి పంపమనండి: మంత్రి గారికి ఉద్దానం నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర ఎన్‌ఆర్‌ఐ సాధికారత, సంబంధాల శాఖ మంత్రి శ్రీ కొండపల్లి శ్రీనివాస్ గారికి,

నమస్కారాలు. మీది మా శ్రీకాకుళానికి పక్కనున్న విజయనగరం జిల్లాయే కాబట్టి ఉద్దానం కుర్రాళ్లు గల్ఫ్‌కి ఎందుకు పోతారో మీకు చెప్పక్కర్లేదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం... ఎటు వెళ్లినా వెల్డరో, ఫిట్టరో, రిగ్గరో అయి పరాయి దేశంలో ఉన్న కొడుకు గురించే మాట్లాడతారు. వాళ్లు వెళ్లేముందు చేయించుకునే వైద్య పరీక్ష, అదే మెడికల్, దాని గడువు గురించే ఈ లేఖ.

గల్ఫ్ మెడికల్ రిపోర్టు సాధారణంగా మూడు నెలలే చెల్లుతుంది. కెనడాకైతే 12 నెలలు. టీబీ లాంటిది మధ్యలో బయటపడొచ్చు కాబట్టి గడువు పెట్టడం తప్పని నేను అనను. కానీ ఇంటర్వ్యూ అయిందో లేదో, ‘ముందు మెడికల్ చేయించెయ్, సెలెక్షన్ గ్యారంటీ’ అని ఏజెంట్లు తొందరపెడతారు. ఫిట్ అయిన మనిషి చేతిలో ఉంటే వాళ్లకి ధీమా. వీసా మాత్రం ఎప్పటికో వస్తుంది, ఈలోగా రిపోర్టు మురిగిపోతుంది.

మా అన్నయ్య కొడుక్కి ఇదే జరిగింది. పలాసలో ఫలక్‌నుమా ఎక్కి హైదరాబాద్ వెళ్లాడు. పొద్దున్నే పరగడుపున రక్తమిచ్చి, ఎక్స్‌రే తీయించుకుని వచ్చాడు. ఫిట్ అన్నారు. తీరా వీసా వచ్చేసరికి గడువు దాటిపోయింది. మళ్లీ వడ్డీకి తెచ్చి అదే ఖర్చు. ఏజెంటు ఒక్క రూపాయి ఇవ్వలేదు.

డబ్బు పోతే పోయింది, మా ప్రాంతంలో ఇంకో భయం ఉంది. కిడ్నీలు పాడైతే గల్ఫ్ మెడికల్‌లో అన్‌ఫిట్ చేస్తారు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మా ఉద్దానంలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్త పరీక్ష) అనే మాట తెలియని ఇల్లాలు లేదు. మా అన్నయ్య డయాలసిస్ చేయించుకుంటూనే పోయాడు. అందుకే కొడుక్కి మళ్లీ పరీక్ష అనగానే మా వదిన రిపోర్టు వచ్చేదాకా సరిగా ముద్ద ముట్టలేదు. అక్కడ దిగాక రెసిడెన్సీ, అంటే ఆ దేశంలో ఉండే అనుమతి కోసం ఎలాగూ ఇంకో మెడికల్ తప్పదు. ఇక్కడే రెండుసార్లు ఆ టెన్షన్ ఎందుకండీ?

గడువు పెంచడం ఆ దేశాల చేతిలో పని, నాకు తెలుసు. మీరు విదేశాంగ శాఖకు రాసి, 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద ఏజెంట్లకు ఒక షరతు పెట్టించండి. కంపెనీ ఆఫర్ లెటర్, వీసా నంబరు చేతికిచ్చాకే మెడికల్‌కి పంపాలి. వాళ్ల ఆలస్యం వల్ల గడువు దాటితే రెండో మెడికల్ ఖర్చు వాళ్లే పెట్టుకోవాలి.

ఇది మాత్రం ఢిల్లీని అడగక్కర్లేదు: ప్రవాసాంధ్రుల కోసం ఉన్న రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ నుంచి సోంపేటలో వారానికి ఒక్కరోజైనా ఒక మనిషిని కూర్చోబెట్టండి. ఆఫర్ లెటర్, వీసా కాగితాలు అసలువో కాదో చూసి చెబితే చాలు, సగం మంది తొందరపడి బండెక్కరు. అన్‌ఫిట్ అయి తిరిగొచ్చిన కుర్రాణ్ణి పలాస కిడ్నీ ఆసుపత్రికి పంపే బాధ్యత కూడా ఆ మనిషికే అప్పగించండి.

ఇట్లు,
కవిటి మండలం నుంచి ఒక గల్ఫ్ కార్మికుడి బాబాయ్