సోర్స్ దగ్గరికి ఆడపిల్లల్ని పోనియ్యి

సరితా,

మంచిగున్నవానే? పాలమూరు ఎండల సంగతి అడగ, నల్లగొండల గూడ గదే కథ. మీ ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఆడపిల్లలు న్యూక్లియర్ ల్యాబ్‌ల నిలబడాలంటే ఏం చెయ్యాలె అని అడిగినవ్ గదా. మార్చి 8 నాడు శాలువ కప్పుడొక్కటి తప్ప ఇంకేదైనా చెయ్యి.

"రేడియేషన్ గదమ్మా, నువ్వు దూరం కూసోని రీడింగులు రాస్కో" అంటరు చూడు, అసలు నష్టం ఆడ్నే. రెండేండ్లయినంక ఆ పిల్లకు డిటెక్టర్‌కు (రేడియేషన్ కొలిచే పరికరానికి) వోల్టేజీ పెట్టుడు రాదు, పరిశోధన పేపర్ల పేరుండదు. దూరం పెట్టుడు గాదు, లెక్క నేర్పాలె. సోర్స్ అంటే రేడియేషన్ ఇడిసే పదార్థం, సీవర్ట్ అంటే ఒంటికి తగిలే డోసు కొలత. మీ దగ్గరున్నసొంటి 5 మైక్రోక్యూరీల సీజియం-137 సోర్స్‌కు అడుగు దూరంల గంటకు ఇంచుమించు 0.2 మైక్రోసీవర్ట్. మన గ్రానైట్ గుట్టల నడుమ ఉత్తగ తిరిగినా దాదాపు గంతే తగుల్తది. నెలకు నూరు గంటలు ఆడ్నే కూసున్నా 0.02 మిల్లీసీవర్ట్ దాటదు. గర్భమని చెప్పినంక కడుపుల బిడ్డకు ఏఈఆర్‌బీ (మన దేశంల రేడియేషన్ భద్రత చూసే బోర్డు) పెట్టిన హద్దు 1 మిల్లీసీవర్ట్. ఇంక ఇంటికెందుకు పంపుడు? కాని సోర్స్‌ను ఉత్త చేత్తో పట్టొద్దు. అడుగు దూరం కాడికి సెంటీమీటర్ దూరంల 900 రెట్లు ఎక్కువ. చిమటా చేతికియ్యి.

ఈ ధీమా సీలు చేసిన సోర్స్ వరకే. అయోడిన్-131 అసొంటి రేడియోయాక్టివ్ ద్రవాలు వేరే ముచ్చట, అవి ఒంట్లకు పోతయి, తల్లిపాలల్ల గూడ వస్తయి. గర్భంతోటి ఉన్నోళ్లకు, పాలిచ్చేటోళ్లకు ఆ పని మార్చాలె. పని మార్చుడు వేరు, పనిలకెల్లి తీసేసుడు వేరు. గర్భమని చెప్పినందుకు పనికి దూరం పెట్టొద్దని ఐఏఈఏ (అంతర్జాతీయ అణుశక్తి సంస్థ) ప్రమాణాలల్లనే ఉన్నది. ఈ మాట మీ హెచ్‌వోడీ తోని చేరిన దినమే అందరికీ కాయితం మీద ఇప్పియ్యి. లేకుంటే తీసేస్తరన్న భయానికి పిల్లలు చెప్పరు. బిడ్డ మెదడుకు 8 నుంచి 15 వారాలు అన్నిటికన్న సున్నితం, ఆ వారాలు చెప్పకుంటనే గడిచిపోతయి.

ఒంటికి ఎంత డోసు తగిలిందో లెక్క పట్టే టీఎల్‌డీ బ్యాడ్జీ సంగతి. ఛాతీ మీద, కోటు జేబుకు పెట్టుకోవాలె. చీర కొంగుకు గుచ్చితే కొంగు జారి బ్యాడ్జీ వీపు దిక్కు తిరుగుతది, ఛాతీకి తగిలిన డోసు సరిగ్గ లెక్కకు రాదు. పని అయినంక కోటుతోని సహా సోర్స్ రూంల తగిలేసి పోతే, రాత్రంత డోసు బ్యాడ్జీకి ఎక్కుతది. మూడు నెలలకు రిపోర్ట్ వస్తది, "ఎక్కువ డోసెట్ల?" అని సంజాయిషీ ఆ పిల్లనే ఇయ్యాలె. కంట్రోల్ బ్యాడ్జీ (ఎవ్వరు పెట్టుకోకుంట, సోర్స్‌లకు దూరంగ పోల్చి చూసుటానికి ఉంచేది) ఉన్న తావుల్నే ఇవి గూడ పెట్టిపియ్యి.

స్టోర్స్‌ల చేతిగ్లవ్స్ 8వ సైజువే కొంటరు. ఆడపిల్లల చేతులకు 6, 6.5 కావాలె. వేలి కొసన రబ్బరు మడత పడితే సీసా జారుతది. ఇండెంట్‌ల (సామాన్లు కావాలని రాసే కాయితంల) సైజు రాయకుంటే మళ్ల 8వే వస్తయి. ఉంగరాలు, గాజులు తీసి పోవాలె, వాటి కింద అంటిన పొడి కడిగినా పోదు. (మెట్టెలకు గీ గొడవ లేదు, బూట్లున్నయి గదా.)

ఢిల్లీ ఐయూఏసీ అనే పరిశోధన కేంద్రంల పెల్లెట్రాన్ (అయాన్లను వేగంగ ఉరికిచ్చే యంత్రం) మీద బీమ్ టైం, అంటే ప్రయోగం చేసే సమయం, దొరికితే షిఫ్టు 8 గంటలు, రాత్రులు గూడ నడుస్తది. ప్రపోజల్‌ల పిల్ల పేరు రాపియ్యి. ఒక షిఫ్టుల ఇద్దరు ఆడోళ్లు ఉండేటట్టు, రాత్రి హాస్టల్‌కు బండి ఉండేటట్టు ముందుగాల్నే అడుగు. "రాత్రి వద్దులే" అన్నరంటే డేటా వేరేటోళ్లది అయితది.

ఎమ్మెస్సీల 60 శాతం వస్తే బార్క్ (ముంబైల భాభా అణు పరిశోధన కేంద్రం) ట్రైనింగ్ స్కూలుకు అప్లై చేపియ్యి. విదేశాల మాస్టర్స్‌కు ఐఏఈఏ మేరీ క్యూరీ ఫెలోషిప్ ఉన్నది, ఆడోళ్లకే. ఫీజుకు ఏడాదికి 10,000 యూరోల దాక, ఉండనీకి ఇంకో 10,000 దాక, రెండేండ్లు.

పెద్దగట్టు, అమ్రాబాద్ దిక్కు తల్లిదండ్రులు యురేనియం మాటకే వద్దంటరు. నవ్వకు, 2019ల అసెంబ్లీనే నల్లమల తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. వాళ్లను ల్యాబ్‌కు పిలిచి మీటర్ చూపియ్యి.

మీ కోబాల్ట్-60 సోర్స్ మీద తారీఖు చూసి రాయి. దాని అర్ధాయువు 5.27 ఏండ్లు, పదిన్నరేండ్లకు పావే మిగుల్తది. కౌంట్లు తక్కువొస్తున్నయని పిల్లల్ని కోపం చేసే ముందు గది చూడు.

నీ
విజయ