రక్తదాతల సంఘం వార్షిక నివేదిక: ఎముకల ఆపరేషన్లలో రక్తం ఆదా

సభ్యులందరికీ నమస్కారం.

జూన్ 14, అక్టోబర్ 1 శిబిరాలు ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. ఈ ఏడాది కొత్తగా మొదలుపెట్టిన పని గురించి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి.

మోకీలు మార్పిడి అన్నా, తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అన్నా ఇంట్లోవాళ్లకు ముందుగా పట్టుకునే టెన్షన్ రక్తం గురించే. మనకు ఫోన్ చేస్తారు, మనం దాతను పంపుతాం. ఇప్పుడు దాంతోపాటు, రక్తం ఎక్కించే అవసరమే తగ్గేలా డాక్టరును ఏం అడగాలో కూడా చెబుతున్నాం. వేసవిలో కాలేజీలకు సెలవులిస్తే శిబిరాలు పలచబడతాయి. తలసీమియా పిల్లలకు మాత్రం ఏ కాలంలోనైనా రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. మోకీలు ఆపరేషన్‌లో వాడకుండా మిగిలిన యూనిట్ ఆ పిల్లలకు పనికొస్తుంది.

అవగాహన సభల్లో ఎక్కువగా మాట్లాడింది ట్రానెక్సామిక్ యాసిడ్ అనే మందు గురించి. గాయమైన చోట రక్తం గడ్డకడుతుంది, దాన్ని కరిగించే ప్లాస్మిన్ కూడా మన ఒంట్లోనే తయారవుతుంది. పెద్ద ఆపరేషన్లలో ఈ కరిగే పని జోరందుకుని రక్తం ఊరుతూనే ఉంటుంది. ఈ మందు ఆ కరగడాన్ని అడ్డుకుంటుంది. సాధారణంగా కోత పెట్టే ముందు నరం ద్వారా ఇస్తారు. కొందరు సర్జన్లు కీలులోనే వేస్తారు. ఖరీదైన మందేమీ కాదు. నెలసరిలో అధిక రక్తస్రావానికి ఇచ్చే మాత్ర ఇదేనని చెప్పగానే సభలో ఆడవాళ్లు చాలామంది గుర్తుపట్టారు. నిజానికి జపాన్‌కు చెందిన ఉటాకో ఒకామోటో, ఆమె భర్త షోసుకే 1960ల తొలినాళ్లలో దీన్ని కనిపెట్టింది కాన్పు తర్వాత రక్తస్రావంతో చనిపోతున్న తల్లుల కోసమే.

దీనివల్ల గుండెపోటో పక్షవాతమో వస్తుందేమోనని ఒక పెద్దాయన అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. గుండె ఆపరేషన్లు కాక ఇతర ఆపరేషన్లు చేయించుకున్న 9,535 మందిపై జరిగిన పోయిజ్-3 అధ్యయనం 2022లో వెలువడింది. తీవ్ర రక్తస్రావం మందు లేనివాళ్లలో 11.7 శాతం, మందు తీసుకున్నవాళ్లలో 9.1 శాతం. గుండె, రక్తనాళాల సమస్యల్లో రెండు వర్గాలకూ తేడా చాలా స్వల్పం. అయినా ముప్పు అస్సలు పెరగదని ఆ అధ్యయనం ఖాయంగా తేల్చలేదు. ఈమధ్యే రక్తపు గడ్డలు ఏర్పడినవాళ్లు, ఫిట్స్ ఉన్నవాళ్లు, కిడ్నీ జబ్బున్నవాళ్లు ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. ఇవ్వాలా వద్దా అన్నది ఆయన నిర్ణయమే. ఈ మాట ప్రతి సభలోనూ నొక్కి చెప్పాం.

ఒక్క మందుతోనే అంతా సరిపోదు. ముందే రక్తహీనత ఉంటే ఆపరేషన్‌లో కొద్దిగా రక్తం పోయినా ఎక్కించాల్సి వస్తుంది. అందుకే మోకీలు మార్పిడికి తేదీ అనుకున్న రోజే హిమోగ్లోబిన్ చూపించుకోమని, తక్కువుంటే ఐరన్‌కు వ్యవధి ఉండేలా ఆపరేషన్ పెట్టుకోమని చెబుతున్నాం. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు వాటిని సొంతంగా ఆపేయకూడదు, డాక్టరును అడిగే ఆపాలి. తుంటి విరిగినవాళ్లకు ఇంత వ్యవధి ఉండదు కాబట్టి వాళ్లకు దాతలను సిద్ధంగా ఉంచడం యథావిధిగా సాగుతుంది.

వచ్చే ఏడాది మోకాళ్ల ఆపరేషన్‌కు ఎదురుచూస్తున్నవాళ్ల కోసం హిమోగ్లోబిన్ పరీక్షా శిబిరం పెట్టాలని కార్యవర్గం తీర్మానించింది. ల్యాబ్ పని తెలిసిన సభ్యులు ముందుకు రావాలని, వేసవిలో రక్తమివ్వగలిగినవాళ్లు ఇప్పుడే పేర్లు నమోదు చేయించుకోవాలని కోరుతున్నాం.

కార్యదర్శి