రంగనతిట్టు కొంగల కోసం ఒక విన్నపం

కర్ణాటక వన్యప్రాణి విభాగం ముఖ్య అధికారి గారికి,

నమస్కారం. మేం బెంగళూరు మారతహళ్లిలో ఉండే తెలుగువాళ్లం. మొన్న ఆదివారం పిల్లలతో శ్రీరంగపట్నం దగ్గరి రంగనతిట్టు పక్షుల అభయారణ్యానికి వెళ్లాం. కావేరి నడుమ లంకలో ఓ ఎర్రకాళ్ల కొంగ రెక్కలు గొడుగులా విప్పి, ఎండంతా తన వీపు మీదే కాచుకుంటూ గూటిలోని తన పిల్లలకి నీడ పడుతోంది. పడవలో ఒకాయన ఫొటో కోసం గట్టిగా చప్పట్లు కొట్టాడు. కొంగ లేచిపోయింది. ఈకలైనా సరిగా రాని పిల్లలు మండుటెండలో నోళ్లు తెరుచుకుని ఉండిపోయాయి. నాకింకా మనసు కుదుటపడలేదు.

పక్షి శాస్త్రవేత్త సాలిం అలీ చొరవతో 1940లో రక్షణ పొందిన చోటది, 2022 నుంచి రామ్‌సర్ స్థలం (అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్న చిత్తడి నేల) కూడా.

గూళ్ల కాలంలో పడవ ఎక్కకముందే అందరికీ గట్టిగా చెప్పించండి. చప్పుడు చేస్తే ఫైన్ వేయించండి. మావాళ్లూ చాలామంది వస్తారు, తెలుగు బోర్డు నేనే రాసిస్తాను.

ఇట్లు,
ఇద్దరు పిల్లల తల్లి, బెంగళూరు